ముప్పై మూడో న్యూట్రాన్

"దొంగా దొరికాడు, దొంగసొత్తూ దొరికింది. ఇంకా మీకిక్కడ ఏం పని మేడమ్?"

సీఐ శ్రీరామ్మూర్తి ఆ మాట అని, బల్ల మీదున్న చిటికెనవేలంత స్టీలు గొట్టాన్ని అటూ ఇటూ దొర్లించాడు. ఆ గొట్టం కోసమే మూడు రోజులుగా పోలీసులు ఆటోనగర్ షెడ్లూ వన్ టౌన్ పాతినప కొట్లూ తిరగేశారు. నిన్న సాయంత్రం ఫిట్టర్ సూరన్న సామాన్ల పెట్టెలో అది కనపడేసరికి ఆయనకి కోతికి కొబ్బరికాయ దొరికినంత సంబరంగా ఉంది.

"అది మీరనుకుంటున్న సరుకే అయితే, దాంతో అలా గోళీలాడకూడదు సార్," అంది గజాలా.

గజాలా ఒకప్పుడు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేది. ప్రిన్సిపాల్‌తో పడక ఉద్యోగం వదిలేసి, వన్ టౌన్‌లో తండ్రి కరీం బాషా వాచీల కొట్టు మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టింది. "నీకెందుకమ్మా ఇవన్నీ" అని ఎవరైనా అంటే, ఆ పని పూర్తిచేసి గాని నిద్రపోని రకం. వాళ్ళింటికి చేపలు తెచ్చే అప్పాయమ్మ, సూరన్న భార్య, మొన్న రాత్రి ఏడుస్తూ వచ్చి, "నా మొగుడు దొంగ కాడమ్మా" అంది. గజాలా ఇంకేమీ అడగలేదు.

సూరన్న పనిచేసే మిల్లు ఆటోనగర్ చివర ఉంది. తుక్కు కరిగించి, అచ్చులో పోసి, కమ్మీలు తీస్తారు. అచ్చులో కరిగిన ఇనుము ఎంత ఎత్తుకొచ్చిందో కంటితో చూడ్డం కుదరదు. అందుకని ఒక పక్కన, కోబాల్ట్-60 నింపిన స్టీలు గొట్టం లోపల పెట్టిన సీసపు డబ్బా బిగిస్తారు. దాన్నుంచి వచ్చే గామా కిరణాలు అవతలి పక్కకి ఎంత తక్కువ చేరితే ఇనుము అంత పైకొచ్చినట్టు లెక్క. మిల్లులో ఆ డబ్బాని గేజీ అంటారు. దసరా తర్వాత అది మాయమైంది. తాళంచెవి సూరన్నది కాబట్టి దొంగతనం కూడా సూరన్న ఖాతాలోకే వెళ్ళింది. మొన్న అతన్ని పట్టుకొచ్చి లాకప్‌లో వేశారు.

గజాలా సంచీలోంచి పసుపురంగు మీటరు తీసింది. వెల్డింగులకి ఎక్స్‌రేలు తీసే కంపెనీలో పనిచేసే పాత శిష్యురాలు ఆశాజ్యోతిని అడిగి తెచ్చుకుంది. స్టేషన్ వరండా ఎక్కుతూ ఆన్ చేసినప్పుడు అది టిక్ టిక్ మని గట్టిగానే కొట్టుకుంది. లోపల సరుకుందిగా, అందుకే అనుకుంది. తీరా ఇప్పుడు గొట్టం మీద ఆనించి పెడితే, ఎప్పుడో ఒకసారి టిక్ మని ఊరుకుంటోంది.

"బ్యాటరీ అయిపోయిందేమో చూసుకోండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"బ్యాటరీ బాగానే ఉంది. ఇందులోనే ఏమీ లేదు."

"ఎందుకు లేదండీ? పాతినప కొట్టు వాళ్ళ గన్నుతో చూపించాం. లోహం ఏదో అదే చదివి చెబుతుంది. కోబాల్ట్ అని వచ్చింది. ఇదిగో ఫోటో." ఫోను ముందుకి తోశాడు. తెర మీద కోబాల్ట్, కింద క్రోమియం, ఆ కింద టంగ్‌స్టన్ ఉన్నాయి. "మేనేజరు గారు కూడా చెప్పారు, సరుకు పాతది, పవరు అయిపోయిందని."

గజాలా ఆ మూడు పేర్లనీ మళ్ళీ చదువుకుంది.

"మీ ఇంటిపేరుతో ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారా సార్?"

"మా తమ్ముడున్నాడు. అయితే?"

"ఇద్దరి బరువూ ఒకటేనా?"

శ్రీరామ్మూర్తి తన పొట్ట వైపు చూసుకోబోయి మానేశాడు.

"కేంద్రకంలో ప్రోటాన్లు ఇంటిపేరు లాంటివి," అంది గజాలా. "ఇరవై ఏడుంటే కోబాల్ట్. ఒకటి తగ్గితే ఇనుము, ఒకటి పెరిగితే నికెల్. మీ గన్ను ఇంటిపేరు చదివింది, అంతే. బరువు దానికి తెలీదు. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములనుకోండి. ఒకడు కోబాల్ట్-59, ఇంకొకడు కోబాల్ట్-60. ఆ అంకె ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన మొత్తం. అందులోంచి ఇరవై ఏడు తీసెయ్యండి. ఎన్ని న్యూట్రాన్లు మిగిలాయి?"

"నన్ను స్టూడెంటుని చేస్తున్నారా?"

"తీసివెయ్యండి సార్, ఒక మనిషి జైలుకి పోతున్నాడు."

ఆయన మొహం గంటు పెట్టుకునే చెప్పాడు. "ఒకడికి ముప్పై రెండు. ఇంకొకడికి ముప్పై మూడు."

"ఇలాంటి అన్నదమ్ముల్నే ఐసోటోపులంటారు. ముప్పై రెండున్నవాడు బుద్ధిమంతుడు, జేబులో వేసుకు తిరిగినా ఏమీ అనడు. ముప్పై మూడోది వచ్చి చేరిందంటే కేంద్రకానికి కుదురుండదు. గామా కిరణాలు విసిరేస్తుంది. ఆ ఒక్క న్యూట్రాన్ కోసమే ముంబై నుంచి అణుశక్తి అధికారులు రేపు విమానమెక్కి వస్తున్నారు. మీ దగ్గరున్నది ముప్పై రెండువాడు. అచ్చం పనిముట్లలో వాడే మామూలు కోబాల్ట్. పవరు అయిపోవడమంటారా, కోబాల్ట్-60 సగం తగ్గడానికే అయిదేళ్ళు దాటుతుంది. మిల్లులో ఎప్పుడు పెట్టారో సూరన్నని పిలిచి అడగండి."

శ్రీరామ్మూర్తికి ఆ లెక్క తన నోటితోనే చెప్పించడం నచ్చలేదు. అయినా ఆమె మాట తప్పని తేలుతుందన్న ఆశ చావక గంట కొట్టాడు.

కానిస్టేబుల్ సూరన్నని తెచ్చి నిలబెట్టాడు. రెండు రాత్రుల్లో మనిషి సగమయ్యాడు. గజాలాని చూడగానే చేతులు జోడించాడు.

"చేతులు దించు బాబాయ్. గేజీలో సరుకు ఎప్పుడు మార్చారు?"

"మొన్న ఉగాదికి కొత్తది ఎట్టినారమ్మా. ఆ కంపినీవోల్లే వచ్చి బిగించినారు."

"దసరాకి ఏం జరిగిందో మొత్తం చెప్పు."

"ఆయుధపూజ కదమ్మా. షాపు కడిగినాం. అచ్చు కాడి గేజీ నానే ఇప్పినాను. మూత తాలం ఏసీసి, పానాలూ సుత్తులతోపాటు పూజ అరుగు మీద ఎట్టినాను. పసుపు పూసి బొట్టెట్టినాను."

"ఎక్కడెక్కడ పూశావ్?"

"మొత్తం పూసీసినానమ్మా."

"దాని మీద మూడు రెక్కల బొమ్మ ఉంటుంది, ప్రమాదం అని. దాని మీద కూడానా?"

సూరన్న తలొంచుకున్నాడు. "ఆ బొమ్మ కూడా పసుపు రంగే కదమ్మా. ఇంకాస్త పూసినానంతే. దేవుడి పని కదా, తప్పని తెల్దు."

శ్రీరామ్మూర్తి ఫక్కున నవ్వాడు. గజాలాకి నవ్వు రాలేదు. "పూజయ్యాక?"

"తొలి పోత. ఏటా ఉన్నదే కదమ్మా. పూజయ్యాక కొలిమిలో ఏసే మొదటి బకెట్లో తుక్కుతోపాటు ఒక్కో సెక్షనోడు ఒక్కో పాత ఇనప ముక్క ఏత్తాడు. అరిగిపోయిన పానా, ఇరిగిపోయిన గేరు. ఆకర్ని మేనేజరు బాబు ఏత్తారు. నాను పాత పానా ఏసి ఇంటికి ఎల్లిపోనాను, పండగ కదాని. సెలవలయ్యాక వచ్చి సూత్తే గేజీ నేదు. బాబుని అడిగితే సర్వీసింగుకి అంపినామన్నారు. పెద్దోల్లు సెప్తే నానేటి అడుగుతాను?"

"ఎవరు, మేనేజరు నరసింహమూర్తి గారేనా?"

"ఆయనే."

గజాలా శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. "సర్వీసింగుకి పంపినవాడు పదిరోజులాగి దొంగతనం అని మీ దగ్గరకెలా వచ్చాడు సార్? ముంబై వాళ్ళు తనిఖీకి వస్తామన్నాకే కదా ఆయనకి దొంగ గుర్తొచ్చాడు?"

"తప్పించుకోడానికి వంద చెబుతాడండీ. నాలుగింటికి ప్రెస్ వాళ్ళని పిలిచాను. ఈలోపు వీడు ఒప్పుకుని సంతకం పెడతాడు."

"పెట్టను బాబూ," అన్నాడు సూరన్న. "కొట్టినా పెట్టను."

గజాలా లేచింది. "నాలుగింటికి ముందే వస్తాను. ఆ గొట్టం పట్టుకుని ఫోటోలు దిగకండి సార్, రేపు ముంబై వాళ్ళ ముందు నవ్వులపాలవుతారు."

"బెదిరింపా?"

"జాలి."

వరండాలో అప్పాయమ్మ లాకప్ కొత్త గ్రిల్లుకి వీపు ఆనించి, కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్న తెల్లారినప్పటి నుంచి అక్కడే ఉందట. ఆకుపచ్చ పెయింటు వాసన ఇంకా పోలేదు.

"ఇంటికెళ్ళి కాసేపు పడుకో పిన్నీ."

"ఆడు బయటికొచ్చీదాకా నాను లెగను. పోలీసోల్లకి సెప్పీసినాను. లాగీమను సూద్దాం," అంది అప్పాయమ్మ.

*

నరసింహమూర్తిది గోదావరి పక్క ఊరు. మాట తేనె పూసినట్టుంటుంది. గజాలాని చూడగానే కాఫీ చెప్పి, కుర్చీ తుడిపించాడు.

"రండమ్మా రండి. పాపం సూరన్న మంచోడేనండి. ఏదో బుద్ధి గడ్డి తింది. మేమే లాయర్ని పెడదామనుకుంటున్నామండి."

"కొలిమి చూడొచ్చా?"

"ఆగిపోయిందండి. లోపలి మట్టి పూత పాడైంది. చూడ్డానికేం లేదండి."

"ఏమీ లేకపోతే చూపించడానికి భయం ఎందుకు?"

ఆయన నవ్వు చెదరకుండానే లేచి షెడ్డుకి దారి చూపించాడు.

కొలిమి షెడ్డులో పనివాళ్ళు లేరు. పక్క షెడ్డులో రోలర్ల అరుగుదల మీద గట్టి లోహం పోసే వెల్డింగు రాడ్లు కట్టలుగా ఉన్నాయి. గజాలా ఒక కట్ట అట్ట మీద ఏం రాసుందో చూసింది. కోబాల్ట్, క్రోమియం, టంగ్‌స్టన్. గేజీలో పెట్టే సరుకులో టంగ్‌స్టన్‌కి పనే లేదు. చిటికెనవేలంత ముక్క కోసి, స్టీలు గొట్టంలో దించి, మూతి వెల్డింగు చెయ్యడం ఇక్కడివాళ్ళకి పావుగంట పని.

ఆమె కొలిమి కిందికి వంగింది. సిమెంటు గచ్చు మీద బూడిదరంగు చుక్కలు కారి గడ్డకట్టి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకింది. గోరు దిగింది. ఇనుమైతే గోరు విరిగేది.

"ఇది సీసం," అంది లేస్తూ. "ఇనుం కరిగించే కొలిమిలోకి సీసం ఎలా వచ్చింది?"

"తుక్కులో బ్యాటరీ ముక్క వచ్చుంటుందండి."

"ఇంత సీసమా? సీసం ఇనుంకన్నా బరువు. కరిగి అడుక్కి దిగి, మట్టి పూతలో సందు వెతుక్కుని కారిపోతుంది. మీ పూత పాడైంది అందుకే. ఆరోజు తెల్లటి పొగ కూడా లేచే ఉండాలి. తొలి పోతలో ఆఖరి ముక్క మేనేజరే వెయ్యాలట కదా, ఈ ఏడాది మీరేం వేశారు?"

"నేను గేజీ ముట్టుకోలేదండి!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి నిజంగానే చొక్కా మీదికి వెళ్ళింది.

"నేను గేజీ మాట ఎత్తలేదే," అంది గజాలా.

ఆమె మీటరు తీసి కొలిమి మూతి దగ్గర, అంచుకి అంటుకున్న ఇనుప తెట్టు మీద పెట్టింది. టిక్ టిక్ టిక్ మని ఆగకుండా కొట్టుకుంది. అప్పుడే గుమ్మంలోంచి బూట్ల చప్పుడైంది. నరసింహమూర్తి ఫోను చేశాడో, తనే వెంట వచ్చాడో గాని, శ్రీరామ్మూర్తి నిలబడి ఉన్నాడు.

"మేడమ్, బయటికి నడవండి. పర్మిషన్ లేకుండా..."

"ముందు ఇది వినండి సార్. మీ బల్ల మీద ఎందుకు మోగలేదో, ఇక్కడెందుకు మోగుతోందో ఈయన్నే అడగండి. పూజ అరుగు మీద పసుపు పూసిన బరువైన డబ్బా కనపడింది. బొమ్మ కనపడలేదు. శుభమా అని పట్టుకెళ్ళి మొదటి బకెట్లో పడేశారు. తర్వాత తెలిసింది. చెప్పుంటే సరిపోయేది. చెప్పకుండా రాడ్డు ముక్క కోయించి, సూరన్న పెట్టెలో పెట్టించారు. ముంబై వాళ్ళొచ్చేలోపు సూరన్న సంతకం ఉంటే చాలనుకున్నారు."

"అదంతా కాలిపోయిందండి!" నరసింహమూర్తి అరిచాడు. తేనె ఎక్కడికి పోయిందో. "పదహారొందల డిగ్రీల వేడండి! అందులో ఏం మిగుల్తుందండి? ఎవడికీ నష్టం లేనిదానికి మిల్లు మూయించెయ్యమంటారా? నాలుగొందల కుటుంబాలండి!"

ఒప్పుకున్నానని ఆయనకి మాట బయటికొచ్చాకే తెలిసింది.

"ఆ నాలుగొందల్లో సూరన్న కుటుంబం లేదా?" అంది గజాలా. "ఎంత పెద్ద మంటైనా పరమాణువు పైపైనున్న ఎలక్ట్రాన్ల దాకానే వెళ్తుంది. కేంద్రకం జోలికి పోలేదు. సీసం కారిపోయింది. కోబాల్ట్ మాత్రం పాలల్లో పంచదారలా ఇనుంలో కలిసిపోయింది. ముప్పై మూడో న్యూట్రాన్ ఎక్కడికీ పోలేదు. ఆ పోతలో తీసిన ప్రతి కమ్మీలోనూ ఉంది. ఆ కమ్మీలు ఎవరికమ్మారు?"

"తొలి పోత అమ్మమండి." ఆయన గొంతు తగ్గింది. "దానం చేస్తామండి. ఆనవాయితీ."

"ఎవరికి?"

నరసింహమూర్తి గుమ్మం వైపు తిరిగాడు. శ్రీరామ్మూర్తి మొహంలోకి చూస్తూ, "సీఐ గారినే అడగండి," అన్నాడు.

శ్రీరామ్మూర్తి మొహంలో రంగు పోయింది. మేనేజరు జబ్బ పట్టుకుని జీపు వైపు నడిచాడు.

*

స్టేషన్ ముందు ప్రెస్ వాళ్ళు అప్పటికే కెమెరాలు సర్దుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు అడ్డం వస్తే శ్రీరామ్మూర్తి చేత్తో తోసుకుంటూ వరండా మెట్ల దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

గజాలాకి పొద్దుటి టిక్ టిక్ ఇప్పుడు అర్థమైంది. వరండాలో మోగి, గదిలో ఆగిన మీటరు అబద్ధమాడలేదు. తనే వినలేదు. మీటరు ఆయన చేతికిచ్చింది.

"మీరే పట్టుకోండి సార్. నా బ్యాటరీ మీద మీకు నమ్మకం లేదుగా."

ఆయన దాన్ని ముందుకి చాచి నడిచాడు. ఒక్కో అడుగుకీ చప్పుడు దగ్గరపడింది. ఆకుపచ్చ గ్రిల్లు చేరేసరికి టిక్కుల మధ్య సందే లేదు. గ్రిల్లుకి ఇటుపక్క అప్పాయమ్మ వీపు ఆనించి ఉంది. అటుపక్క సూరన్న రెండు చేతులతో ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"పిన్నీ, లేచి దూరంగా రా. బాబాయ్, నువ్వు ఆ మూల గోడకి పో. ఊచలు ముట్టుకోకు."

"సెప్పినాను కదమ్మా, ఆడు బయటికొచ్చీదాకా..."

"వచ్చేస్తాడు. తాళం తియ్యండి సార్."

"మేడమ్, రిమాండ్ కాగితాలు రెడీ అయ్యాయి, పై వాళ్ళకి చెప్పకుండా..."

"దొంగసొత్తు లోపలున్న మనిషి దగ్గర లేదు. మీ తలుపులో ఉంది. కెమెరాల ముందు అదే చెప్పమంటారా? ఒక గంట నిలబడితే ఏమీ కాదు గాని, ఈవిడ నిన్నటి నుంచి ఆనుకుని కూర్చుంది. తియ్యండి!"

శ్రీరామ్మూర్తి కానిస్టేబుల్ చేతిలోంచి తాళాలు లాక్కుని తనే తీశాడు. సూరన్న బయటికొచ్చి, అప్పాయమ్మ పక్కన నిలబడ్డాడు. అప్పాయమ్మ కేరేజీ ఆయన చేతిలో పెట్టింది. కెమెరాలు మెరుస్తూనే ఉన్నాయి. ఈసారి ఏ ఫోటోలోనూ సీఐ గారు నవ్వడం లేదు.

"తొలి పోత మొత్తం ఎంత?" అని అడిగింది గజాలా.

"మూడు టన్నులని చెప్పారు." అన్నాడు శ్రీరామ్మూర్తి. "స్టేషన్‌కి గ్రిల్లు ఇస్తామంటే మంచిదేగా అనుకున్నాను మేడమ్."

"ఈ గ్రిల్లు రెండొందల కిలోలు కూడా ఉండదు. మిగతాదేదీ?"

ఆయన చేతిలో మీటరు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. దాన్ని ఆపడం ఆయనకి తెలీదు.

"తగరపువలస దారిలో ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. వాళ్ళకి మంచాలు చేయించారు. రిబ్బను నేనే కత్తిరించాను."

"పిల్లలు వాటి మీద పడుకుంటున్నారా?"

"ఆదివారం నుంచీ."

రెండు రోజులుగా ఎంతమంది లాగినా లేవని అప్పాయమ్మే అందరికన్నా ముందు జీపెక్కి కూర్చుంది.

"నిలబడ్డారేటి బాబూ?" అంది సీఐ మీద గట్టిగా అరుస్తూ. "ఆల్లు బడి నుంచొచ్చి నడుం వాల్చీలోగా ఎల్లాల. బండి తియ్యండి, బేగి!"